అంతర్జాతీయ చీపురుపల్లి

ఈ గుంటకి, అంటే మా వైపు మాటలో ఈ ఆడపిల్లకి, కోపం ముక్కు మీదే ఉంటుందని నాన్నమ్మ నన్ను అనేది. ఉండదా మరి? రింగు ఆటలో నన్ను ఓడించే పిల్ల మా బడిలో లేదు. పోటీలకని పొరుగూరు వెళ్తానంటే మాత్రం ఇంట్లో ఒప్పుకునేవారు కాదు. "ఆడపిల్ల పైఊర్లో పడుకోడమేటి?" అని నాన్న ఒక్క మాటతో తేల్చేసేవాడు.

అరవైల చివర్లో సంగతి ఇది. ఒరిస్సా సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న బడులన్నీ కలిసి ఏటా ఆటల పోటీలు పెట్టేవి. ఆ ఏడు తమ ఊళ్లో జరపాలనుకున్నవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. పోటీలు చీపురుపల్లికి వస్తే నేను ఆడతాను, రాకపోతే లేదు. నాకు తెలిసిందల్లా అదే.

మా డ్రిల్లు మాస్టారి చేతిరాత కోడి గెలికినట్టుండేది. అందుకని దరఖాస్తు నా చేత రాయించారు. ఆయన "అంతర్రాష్ట్ర" అనే చెప్పారు. ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. పేపర్లో చూసింది "అంతర్జాతీయ". ఒరిస్సావాళ్ల భాష వేరు, జాతి వేరు, ఇదే అయ్యుంటుందని నాకు నేనే తీర్పు చెప్పుకుని, "అంతర్జాతీయ విద్యార్థి క్రీడోత్సవాలు మా చీపురుపల్లిలో జరిపించ ప్రార్థన" అని గుండ్రంగా రాసేశాను. మాస్టారు కళ్లజోడు ఇంట్లో మరిచిపోయారేమో, చదవకుండానే పంపేశారు.

జవాబుగా పోటీల కమిటీ నుంచి కార్డు వచ్చింది. "మీ అంతర్జాతీయ ఏర్పాట్లు చూడటానికి ముగ్గురం వస్తున్నాం" అని వెటకారంగా రాశారు. పోస్టుమాను దాన్ని బడికి చేర్చేలోగా నలుగురికి చదివి వినిపించాడు. వెటకారం ఎవరికీ ఎక్కలేదు. చీపురుపల్లికి తెల్లవాళ్లు వస్తున్నారని సాయంత్రానికి ఊరంతా పాకిపోయింది.

మంగలాయన కొత్త అద్దం తెచ్చాడు. కాఫీ హోటలాయన బెంచీలు కడిగించాడు.

"ఒరే బావా, ఆల్లకి తెలుగొస్తాదేటి?" అని ఒకాయన అడిగితే, "రాపోతే మనవే ఇంగిలీసు మాటాడితే పోనేదూ" అన్నాడు హోటలాయన.

నా తప్పు మాస్టారికి అప్పుడు తెలిసింది. తిడతారనుకున్నాను. ఆయన కాసేపు తల గోక్కుని, "రాస్తే రాసినావు గానీ పెద్దదే రాసినావు. ఇప్పుడు తగ్గితే ఊరి పరువు పోతాది" అన్నారు.

ముగ్గురు సభ్యులూ రైలు దిగారు. దండలు పట్టుకున్నవాళ్లు వాళ్ల వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని చూస్తూనే ఉన్నారు. బడి మైదానంలో ఆరేసిన గోగునారను ముందురోజే తీయించారు గానీ, దాని కంపు తీయించడం ఎవరి తరం? సభ్యుల్లో పెద్దాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "లాడ్జీల్లేవు, సత్రం లేదు. ఆడపిల్లలు కూడా వస్తారు. ఎక్కడ పెడతారు?" అని అడిగాడు.

జనంలోంచి మా నాన్నమ్మ ముందుకొచ్చింది.

"సత్రం నేకపోతే ఏటి? మా ఇల్లు నేదా? ఎవలి గుంటలైనా మా గుంటలే. నా పక్కలో పడుకోబెట్టుకుంతాను. ఆల్లమ్మల్ని బెంగెట్టుకోవద్దని సెప్పండి."

పెద్దాయన రుమాలు తీసి నాన్నమ్మకు దండం పెట్టాడు. ఇక పోటీలు మావే అనుకున్నాను.

దండం మాకు, పోటీలు పర్లాకిమిడికి. కబురు తెలిసిన రోజు రింగును పశువులశాల కప్పు మీదికి విసిరేసి, అన్నం మానేసి ఏడ్చాను. కోపం కాదు, నిజంగా దుఃఖం. నాన్న మాత్రం ఒక గొడవ వదిలిందన్నట్టు తింటున్నాడు.

నాన్నమ్మ నాన్న కంచంలో పులుసు పోస్తూ, "గుంటని పంపీరా" అంది.

"పైఊరా? అదీ ఒరిస్సాలోనా?"

"పదిమందిలో నానేటన్నాను? ఎవలి గుంటలైనా మా గుంటలే అన్నాను. నానన్నది నిజవైతే ఆ ఊర్లోనూ నాలాటి ముసల్ది ఒకర్తుంతాది. నేదంతే నాను అబద్ధవాడినట్టే. ఏటంతావు?"

నాన్న కర్ర తెచ్చి కప్పు మీద రింగు తనే దింపాడు.

పర్లాకిమిడిలో మమ్మల్ని ఇంటికి ఇద్దరు చొప్పున పంచారు. పరాయి దేశంలో అడుగుపెట్టినట్టు ఓ గడప ముందు నిలబడ్డాను. లోపల్నుంచి ఒక ముసలమ్మ వచ్చి ఒరియాలో ఏదో అంది. నేను బిక్కమొహం వేశాను. ఆవిడ నవ్వి, "ఓలమ్మా, తెలుగు గుంటలా! రండి, బేగి కాళ్లు కడుక్కోండి. బెంగెట్టుకోకండి, నా పక్కలో పడుకుందురు గాని" అంది.

రెండో ఆటలోనే ఓడిపోయాను. ఇంటికి వచ్చాక నాన్నమ్మకు ఆ సంగతి చెప్పడం మరిచిపోయి, ముందు ఆ ముసలమ్మ గురించే చెప్పాను.

నాన్నమ్మ నాకు వినబడేలా కాదు, నాన్నకు వినబడేలా అడిగింది: "ఏటందీ? మల్లీ సెప్పు!"