సల్వాలో కప్పల ఆట

కువైట్‌లోని సల్వాలో ఒక స్వీడన్ కుటుంబానికి వంటమనిషిగా చేరిన మొదటి నెల. నన్ను ఉంచుకునేదీ లేనిదీ నెలాఖరుకు చెబుతామన్నారు. జూన్‌లో ఒక శుక్రవారం వాళ్లకు మిడ్‌సమ్మర్ పండుగ. ఆ రోజు వాళ్ల దేశమంతా సెలవట. హాల్లో ఆకులూ పూలూ చుట్టిన గుంజ నిలబెట్టి, దాని చుట్టూ పెద్దాచిన్నా కప్పల్లా గెంతుతూ పాడసాగారు. అందరికంటే ముందు మామా. ఇంటి యజమానురాలిని ఇక్కడ అలాగే పిలుస్తాం.

మా రాయచోటి వైపు వానలు రాకుంటే రోకలికి కప్పను కట్టి, కప్పతల్లి పాట పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఎవరింటికొస్తే వాళ్లు నీళ్లు పోయాలి. బయట ఎండ చూసి, వీళ్లదీ అదే మొక్కు అనుకున్నాను. చెంబెడు నీళ్లు తెచ్చి మామా నెత్తిన పోశాను.

పాట ఆగిపోయింది.

"ఏం పని చేస్తివి పెద్దమ్మా! ఖలాస్, నీ ఉద్యోగం పాయె!" అన్నాడు డ్రైవర్ మస్తాన్.

అతనికి కారణం చెప్పాను. అతను ఇంగ్లీషులో వివరించాడు. మామా ముఖం తుడుచుకుని, "మరి వాన వస్తుందా?" అని అడిగింది.

"మా ఊళ్లో అయితే వస్తుంది. కువైట్ పూచీ నాది కాదు" అన్నాను.

ఇప్పటికి నాలుగు పండుగలయ్యాయి. తేదీ మారినా శుక్రవారం మారదు. కప్పల్లా ఎందుకు గెంతాలో వాళ్లకూ తెలియదట. వాన ఒక్కసారీ పడలేదు. అయినా ఏటా చెంబు నింపి నా చేతికిచ్చేది మామాయే.