ఫోన్ పట్టిన చెయ్యి

మా కాక పోయాడు. పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, కాక లేస్తలేడు" అన్నాడు. కోరుట్లలో నాది చీరల కొట్టు. సిరిసిల్ల నుంచి తెచ్చిన చీరలకు ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడంతోనే నాకు రోజూ తెల్లవారుతుంది. అప్పుడూ అదే పనిలో ఉన్నాను. తమ్ముడితో మాట్లాడి చూసేసరికి, "ఇందులో నీలం ఉందా" అని ఎవరో అడిగి ఉన్నారు. లేదని కూడా రాయలేదు. చేతిలోని ఆ వస్తువును చూస్తేనే విసుగు పుట్టింది. ఆ విసుగు ఇంకా పోలేదు.

కాక అంటే మా నాన్న తమ్ముడు. ఊరు రుద్రంగి దగ్గర. వ్యవసాయంతో పాటు ఆయనకు ఊళ్లో ఇంకో పని ఉండేది, జీతమూ పేరూ లేని పని. మా వైపు చాలా ఇళ్లలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు. ఇంట్లో ఎవరైనా పోతే వాళ్లకు సెలవు దొరకదు, దొరికినా వేళకు అందుకోలేరు. అలాంటి కొడుక్కో భర్తకో చివరిచూపు దక్కేలా వీడియో కాల్ పెట్టి ఫోన్ పట్టుకోవడమే కాక పని. పాడె కట్టకముందే ఎవరో ఒకరు, "కాకను పిలువుండ్రి" అనేవారు.

ఫోన్ పట్టుకోవడంలో ఏముంది అంటారా? ఆయన పట్టుకోవడం చూడాలి మీరు. కాల్ కలవగానే పోయిన మనిషిని చూపేవాడు కాదు. కెమెరా తన ముఖం వైపే పెట్టుకుని, "కూసున్నవా కొడుకా? పక్కకు ఎవలన్న ఉన్నరా? మొదలు నీళ్లు తాగు" అనేవాడు. ఆ తర్వాత ఒకే ప్రశ్న. "చెప్పులు ఇడిసినవా?" అవతలివాడు క్యాంపు గదిలో ఉన్నా, సైటు మీద ఉన్నా, చెప్పులు విడిచేదాకా కాక ఫోన్ తిప్పేవాడు కాదు. అంత దూరాన వాడి కాళ్లకు ఏముంటే మనకేంటని ఒకసారి అడిగాను.

"ఇంట్లకు అస్తున్నడు కదనే" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు.

అప్పుడు నెమ్మదిగా వాకిలి చూపేవాడు. కూర్చున్న ఆడవాళ్లు, తలాపున దీపం, అన్నిటికంటే చివర ముఖం. చెయ్యి కదలకుండా ఎడమ అరచేతిని కుడి మోచేతి కింద ఆనించుకుని, వాగు దాకా అలాగే నడిచేవాడు. దారిలో దింపుడు కల్లం దగ్గర పాడె దించి, పోయినవాళ్ల చెవిలో అయినవాళ్లు పిలుస్తారు కదా, ప్రాణం ఏమన్నా మిగిలి ఉంటే పలుకుతారేమోనని. అక్కడ కాక స్పీకర్ పెంచి ఫోన్‌ను ఆ చెవి దగ్గర పెట్టేవాడు. ఎక్కడో ఎడారిలోంచి "అవ్వా, అవ్వా" అన్న పిలుపు వినపడితే, పక్కకు తిరిగి కళ్లు తుడుచుకోని వాళ్లను నేను చూడలేదు.

ఈ పని ఆయనకు ఎందుకు పట్టుకుందో నాకు తెలుసు. వయసులో ఉండగా ఆయనా దుబాయ్‌లో కూలిపనికి వెళ్లాడు. అప్పట్లో ఇంట్లోవాళ్ల మాటలు క్యాసెట్‌లో రికార్డు చేసి, పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. అలా మా నాయనమ్మ మాటలు ఒకసారి ఆయనకు చేరాయి. "మామిడికాయ తొక్కు పెట్టిన బిడ్డా, నువ్వచ్చేదాక జాడి మూత తియ్య" అంది ఆమె. గదిలో అందరూ విని నవ్వుకున్నారు. క్యాసెట్ అయిపోయాక, దాన్ని తెచ్చిన మనిషి తల వంచుకుని చెప్పాడట, తాను బయలుదేరేముందే ఆమె పోయిందని. కాక ఆ మనిషిని ఏనాడూ తప్పు పట్టలేదు. "ఆడు మాత్రం ఎట్ల చెప్తడు పాపం" అనేవాడు.

అందుకే ఆయనకు ఒక పట్టింపు ఉండేది. దూరాన ఉన్నవాడికి నోటితో చెప్పేదాకా ఎవరూ ఫొటో స్టేటస్‌లో పెట్టకూడదు. "మందికి తర్వాత చెప్పుకోండ్రి. ముందుగాల మనిషికి చెప్పుండ్రి" అని గద్దించేవాడు. మాట వినని వాళ్ల చేతుల్లోంచి ఫోన్లు లాక్కోవడం కూడా నాకు తెలుసు.

ఆయన పోయిన రోజు లాక్కునేవాళ్లు ఎవరూ లేరు. నేను ఊరు చేరేసరికే జగిత్యాల చుట్టం ఒకాయన పూల ఫ్రేము, ఏడుపు బొమ్మలు అన్నీ కలిపి ఫొటో పెట్టేశాడు. అడిగితే, "అందరికి తెల్వాలె కదా" అన్నాడు. తగాదా పడే ఓపిక నాకు లేకపోయింది. కాకకు ఒక్కడే కొడుకు, మస్కట్‌లో కట్టడం పనిలో ఉన్నాడు. వాడికి ఎలా చెప్పాలా అని మేం గుసగుసలాడుకుంటుండగానే దిండు పక్కనున్న కాక ఫోన్ మోగింది. వాడే. స్టేటస్ చూసి తండ్రి నంబరుకే చేశాడు, అబద్ధమైతే ఆయనే ఎత్తుతాడని.

నేను ఎత్తాను.

"బాపూ?" అన్నాడు.

నా నోటికి వచ్చింది కాక మాటే. "కూసున్నవా తమ్మీ?"

ఆ మాట తండ్రి ఎవరెవరితో, ఎప్పుడెప్పుడు అనేవాడో వాడికి తెలుసు.

ఇప్పుడు నా ఫోన్ నిండా జోడించిన చేతులే. ఒకే బొమ్మను అందరూ నొక్కి పంపారు. వాళ్లను తప్పు పట్టను, నేనూ ఎందరికో అదే పంపి ఉంటాను. కానీ చూసి చూసి అలసిపోయాను. పెద్దకర్మ నాడు వెనక వాడకట్టు కోడలు నా పక్కన కూర్చుని, "మా మామకు పానం బాగుంటలేదక్కా, మా ఆయనేమో దోహాల ఉన్నడు. ఇగ నువ్వే పట్టాలె" అంది. మీ ఊళ్లోనూ ఇలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఉన్నప్పుడే ఒక మాట చెప్పండి, మంచి పని చేస్తున్నావని. మా కాకకు ఎవరమూ చెప్పలేదు.

కాకను సాగనంపిన రోజు కొడుకు బదులు మా తమ్ముడు నిప్పుకుండ పట్టుకున్నాడు. ఫోన్ నా చేతికి వచ్చింది. మస్కట్‌లో సైటు నుంచి క్యాంపుకు బండి సాయంత్రం దాకా ఉండదట, వాడు అక్కడే ఒక గోడ నీడన నిలబడి చూస్తున్నాడు. నడుస్తుంటే చెయ్యి లాగింది. ఎడమ అరచెయ్యి దానంతటదే మోచేతి కిందికి వచ్చింది. "ఇప్పుడు బొమ్మ కదుల్తలేదక్కా" అన్నాడు వాడు.

దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. డప్పులు ఆగాయి. నేను స్పీకర్ పెంచి వంగాను.

"జరసేపు ఆగక్కా" అన్నాడు.

తెర మీద బొమ్మ ఊగింది. ఆకాశం, ఇనుప చువ్వలు, ఇసుక కనిపించాయి. పనిలో వేసుకునే బరువైన బూట్ల లేసులు విప్పుకుంటున్నాడు వాడు. ముడి తొందరగా రాలేదు. పాడె మోసేవాళ్లు ఎండలో కదలకుండా నిలబడ్డారు. అడగాల్సిన ఆ ఒక్క మాట నేను మరిచేపోయాను. ఇసుకలో రెండు ఒట్టి కాళ్లు కనిపించాయి.

"ఇగ పెట్టు" అన్నాడు.

ఫోన్‌ను కాక చెవి దగ్గర పెట్టాను.

"బాపూ, చెప్పులు ఇడిసిన" అన్నాడు.