ఒకటిన్నర మేజోడుతో రాయచోటికి

నేను ఊలు అల్లడం నేర్చుకున్నది రొమ్ము జబ్బు పుణ్యాన. మదనపల్లె వైపు కొండల మధ్య ఒక క్షయ ఆసుపత్రిలో పద్నాలుగు నెలలు పడుకున్నాను. అక్కడ మందు తక్కువ, మంచం ఎక్కువ. మాట్లాడితే దగ్గు వస్తుందని మాట్లాడనిచ్చేవారు కాదు, చదివితే అలసట అని పుస్తకాలు తీసుకుపోయేవారు. అట్లా ఉత్తచేతులతో పడి ఉన్న మగవాళ్ల వార్డులోకి ఒకనాడు ముసలి నర్సు దొరసాని వచ్చి, తలా రెండు సూదులూ ఒక ఊలు ఉండా చేతిలో పెట్టి పోయింది. మా వరసలో ఒక తాలూకా గుమాస్తా, ఒక పోలీసు జమేదారు, ఒక వేరుశనగ వ్యాపారి, నేను. మొదటి వారమంతా నవ్వుకున్నాం. రెండో వారానికి జమేదారు తన మఫ్లరు నా మఫ్లరు కంటే నాలుగు వేళ్లు పొడుగుందని కొలిచి చూపించాడు. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు.

నేను మేజోళ్ల దాకా వెళ్లాను. మేజోడులో కష్టమంతా మడమ దగ్గర. పైనుంచి గొట్టంలా దిగివచ్చిన అల్లికను అక్కడ వంచి పాదం వైపు తిప్పాలి. మా వార్డులో అది వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇంటికి పంపేనాడు డాక్టరు నా ఊపిరితిత్తుల గురించి ఒక్క మంచిమాట చెప్పాడు. దొరసాని నా మడమల గురించి మూడు చెప్పింది.

కర్నూలుకు తిరిగి వచ్చి హైస్కూల్లో లెక్కల అయ్యవారి పనిలో మళ్లీ చేరాను. జబ్బు పోయింది గానీ చేతుల అలవాటు పోలేదు. ఆ ఊళ్లో ఊలుతో ఎవరికీ పనిలేదు. చలికాలమని మేము చెప్పుకునేది కూడా పొద్దున ఒక రెండు గంటలే. అంతకంటే పెద్ద చిక్కు, నేను మగవాణ్ణి. లెక్కల అయ్యవారు మేజోళ్లు అల్లుతాడని పిల్లలకు తెలిస్తే నేనిక బోర్డు వైపు తిరగలేను. అందుకని ఆదివారం మధ్యాహ్నాలు తలుపు గడియపెట్టుకుని అల్లేవాణ్ణి. అల్లినవాటిని దాచుకుని ఏం చేస్తాను? పక్కింట్లో ఉబ్బసం ఉన్న పెద్దాయనకు ఒక మఫ్లరు ఇచ్చాను, "మా ఆవిడ చేసింది" అని. మా హెడ్మాస్టరు మనవడికి ఒక టోపీ ఇచ్చాను, అదే మాట చెప్పి.

మా ఆవిడకు సూదీ దారం ఇస్తే గుండీ కుట్టేది, అంతే. ఊలు ముట్టుకుంటే చేతులు జిల పెడతాయనేది.

ఇంతలో యుద్ధం వచ్చింది. ఊళ్లో ఒక పెద్ద అధికారి భార్య, మద్రాసులో చదువుకున్నావిడ, ఉద్యోగుల భార్యలను పిలిపించి సిపాయిలకు మేజోళ్లు అల్లాలని చెప్పి ఖాకీ ఊలు పంచింది. మఫ్లరు కీర్తి అప్పటికే అక్కడిదాకా పోయినట్టుంది. మా ఆవిడకు అందరికంటే పెద్ద ఉండ దొరికింది. దానితోబాటు ఒక ఆజ్ఞ కూడా. వేసవి సెలవులు కాగానే మిగిలిన ఆడవాళ్లకు మడమ తిప్పడం ఆమే నేర్పించాలి.

ఆమె ఇంటికొచ్చి ఉండను నా ఒళ్లోకి విసిరింది. "ఇంగ మీరే చీర కట్టుకోని పోండి" అంది.

నేను దాన్ని నవ్వులాటగా తీసుకుని పని మొదలుపెట్టాను. పాదం మీద జానెడు ఎత్తు చాలని చెప్పి పంపారు. నాకు అంత చిన్న పని నచ్చలేదు. మోకాలి దాకా, పక్కన జడలాంటి అల్లిక వేసి, చూసినవాళ్లు నోరు తెరిచేటట్టు మొదలుపెట్టాను. ఒకటిన్నర మేజోడు అయ్యేసరికి ఊలు అయిపోయింది.

సెలవులకు మా ఆవిడ పుట్టినిల్లు రాయచోటికి పోవాలని ముందే అనుకున్నాం. దారిలో ఎక్కడో ఒకచోట ఖాకీ ఊలు దొరక్కపోదని సంచిలో ఒకటిన్నర మేజోడూ సూదులూ పెట్టుకున్నాను. బయలుదేరే ముందు కర్నూల్లోనే ఒక అంగడికి వెళ్లాం. గుండీలు, నాడాలు, జరీ అమ్మే ముసలి సాయిబు అంగడి అది. నేను వెనక నిలబడి మా ఆవిడను ముందుకు తోశాను.

"ఊలు కావాల్నా అమ్మా? ఎన్ని పోగులది? మూడా, నాలుగా?" అన్నాడు సాయిబు.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను పైన వేలాడే రిబ్బన్ల వైపు చూశాను.

"రెండు కాళ్లకూ సరిపోవాల" అంది.

సాయిబు కాసేపు ఆలోచించి, "కాళ్లు రెండే గదమ్మా ఎవరికైనా" అన్నాడు మర్యాదగా. తరవాత నా వైపు తిరిగి, యుద్ధం వచ్చినాక ఊలు అనేది కళ్లజూడలేదనీ, ఉన్నదంతా పట్టాళానికే పోతాందనీ చెప్పాడు.

ద్రోణాచలంలో ఒక బండి దిగి, గుంతకల్లులో ఇంకో బండి కోసం సగం రోజు కూర్చున్నాం. అవతలి పట్టాల మీద సిపాయిల బండి ఒకటి ఆగి ఉంది. ఒక సిపాయి కిటికీలోంచి చేయి చాపి టీ లోటా అందుకుంటున్నాడు. లోటా కాలకుండా దాని చుట్టూ చుట్టుకున్నది చేత్తో అల్లిన ఖాకీ మఫ్లరు. నాకు ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి పోయి, అది ఎక్కడిదని అడిగాను. మనవైపు మనిషే.

"యాడనో ఆడోళ్లు చేసి ఇచ్చినారంట సామీ. శానా మంచిది ఇది. ఎంత కాగినా చెయ్యి కాలదు" అన్నాడు. "మా వాళ్లందరికీ ఉండాయి. ఒకడు తుపాకి తుడుస్తాడు దీంతో."

నేను తిరిగొచ్చి బల్ల మీద కూర్చున్నాను. సిపాయి ఏమన్నాడని మా ఆవిడ అడిగింది. మెచ్చుకున్నాడని చెప్పాను. అది అబద్ధం కాదు.

కడపలో ఒక పూట ఆగి బజారంతా తిరిగాం. ఎండకు అంగళ్లవాళ్లు సగం తలుపులు వేసుకుని లోపల కునుకుతున్నారు. ఊలు అనగానే ఎవరైనా సరే ముందు మా ముఖాలు చూసేవారు, తరవాత బయట ఎండ చూసేవారు. చివరికి ఒక అంగట్లో, ఒక పెద్ద వయసు శెట్టి పెట్టె అడుగునుంచి ఊలు తీశాడు. లేత గులాబీ రంగు. అంతకుమించి లేదు.

"చంటిపిల్లలకని తెప్పించినాను" అన్నాడు. మా ఆవిడ ముఖంలోకి చూసి నవ్వాడు. "ఎన్నో నెల తల్లీ?"

మాకు పెళ్లయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. నేను ఏదో ఒకటి చెప్పి బయటపడాలని నోరు తెరిచే లోపలే ఆమె, "అయిదో నెల" అంది, రెప్ప వేయకుండా. ఆయన సంతోషపడి లోపలికి కేక వేసి మజ్జిగ తెప్పించాడు. ఎండలో తిప్పవద్దని నన్ను మందలించాడు. మేమిద్దరం ఆ మజ్జిగ తాగి, ఆ ఊలు కొనుక్కుని బయటకొచ్చాం.

జట్కాలో ఆమె ఊలు పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తరవాత అంది: "ఆయప్ప అంత నవ్వుమొగంతో అడిగితే కాదని చెప్పబుద్ధి కాలేదు." ఇంకాస్త దూరం పోయినాక, "మీ అబద్ధాలు మోసీ మోసీ నాకూ అలవాటైపోయింది. ఇంగ నా చేత గాదు. కర్నూలుకు పోతానే చెప్పేస్తా" అంది.

ఆమె గొంతులో కోపం లేదు. కోపముంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. నేను చేసిన టోపీలూ మఫ్లర్లూ పుచ్చుకుని ఊళ్లోవాళ్లు ఆమెను పొగిడినప్పుడల్లా ఆమె ఏం చేసేదో, ఎటు చూసేదో, నేనెప్పుడూ అడగలేదని అప్పుడు తోచింది. అప్పుడైనా అడిగానా అంటే, లేదు.

రాయచోటికి బొగ్గు బస్సు. పెట్రోలు కరువు రోజులు గనక వెనకాల పెద్ద పొయ్యిలాంటిది కట్టి, బొగ్గు పొగతో నడిపేవారు. గువ్వలచెరువు కనుమ దగ్గర దానికి ఆయాసం వచ్చింది. మగవాళ్లను దిగి నడవమన్నారు. కొన్ని మలుపుల దగ్గర తొయ్యమన్నారు. జబ్బు చేసి లేచిన రొమ్ముతో నేను తోస్తున్నానని మా ఆవిడ కిటికీలోంచి అరుస్తూనే ఉంది. కనుమ ఎక్కేసరికి అందరం బొగ్గు రంగుకు తిరిగాం.

మా మామగారు తాలూకా కచేరీలో పనిచేసి విరమించిన మనిషి. మాట తక్కువ. నాకు జబ్బు చేసినప్పుడు కూతుర్ని ఇక పంపనని అన్నారని నాకు తెలుసు; నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అందుకని మేమిద్దరం వానల గురించే మాట్లాడుకునేవాళ్లం. వానలు లేవు గనక ఆ మాటలు కూడా త్వరగా అయిపోయేవి.

ఊరి చివర గొంగళ్లు నేసేవాళ్ల వీధి ఉండేది. ఖాకీ మీద ఆశ వదులుకుని ఒక పొద్దున అక్కడికి పోయాను. ఒక ముసలాయన మగ్గం ముందు కూర్చుని నేస్తున్నాడు. ఆయన భార్య అరుగు మీద కదురు తిప్పి గొర్రెబొచ్చు వడుకుతోంది. నల్లటి దారం, మోటుది, నులక కంటే ఒక్క పిసరు సన్నం. ఇంకా సన్నగా వడుకుతావా అమ్మా అని అడిగాను. వడికి చూపించింది. ఇంకా సన్నగా అన్నాను.

"ఇంగా సన్నమా? దోమలకు గొంగడి నేస్తావా సామీ?" అంది.

ఇక చెప్పక తప్పలేదు. సంచిలోంచి మేజోడు తీశాను. దానితో ఏం చేస్తావని ముసలాయన అడిగాడు. నోటితో చెబితే ఆయనకు అర్థం కాలేదు. చివరికి అరుగు మీద కూర్చుని, ఆమె వడికిన నల్లదారం ఖాకీ కొసకు ముడివేసి అల్లడం మొదలుపెట్టాను. వీధి వీధంతా చుట్టూ చేరింది. పట్టపగలు, నలుగురి ముందు అల్లడం నాకదే మొదటిసారి. చెవులు వేడెక్కిపోయాయి. ఎవరైనా నవ్వుతారని తల ఎత్తకుండా చూశాను. ఎవరూ నవ్వలేదు. ముసలాయన మగ్గం వదిలి వచ్చి నా వేళ్ల దగ్గరికి వంగాడు.

"మగ్గం లేకుండానే నేస్తాండావే!" అన్నాడు. "ఇది యాడ నేర్చినావప్పా?"

"ఆస్పత్రిలో. ఎవరికీ చెప్పను. ఆడవాళ్ల పని అంటారని."

ఆయనకు నా మాట అంతుపట్టలేదు. "వడికేది ఆడోళ్లు, నేసేది మొగోళ్లు. మా తాత కాడినుంచీ అంతే. దీంట్లో సిగ్గేముండాది?"

అప్పుడే జనం పక్కకు తొలిగారు. చేతిలో కర్రతో మా మామగారు నిలబడి ఉన్నారు. ఎంతసేపటినుంచి చూస్తున్నారో తెలియదు. వెనక్కి తిరిగి ఇంటికి పోయారు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర వానల మాట కూడా రాలేదు. మజ్జిగ కలుపుకున్నాక ఆయన అన్నారు: "ఏమప్పా అల్లుడూ, అది కాలికి తొడిగేదేనా?"

"అవును మామా."

"చలికాలంలో నా మడమలు పగిలి నెత్తురు వస్తాది. నాకూ ఒక జత అల్లిపెట్టు. నల్లవైనా పర్వాలేదు."

తొమ్మిదేళ్లలో ఆయన నన్ను అడిగిన మొదటి కోరిక అది. అక్కడున్న మూడు వారాల్లో ఖాకీ జత ముగించగా మిగిలిన పొద్దంతా నేను వాటికే పెట్టాను. అవి తొడుక్కుని ఆయన నడివేసవిలో, ముళ్లమీద నడిచినట్టు నడుస్తూ, కచేరీ దాకా పోయి పాత స్నేహితులందరికీ చూపించి వచ్చారు. గొర్రెబొచ్చు గుచ్చుకుంటోందని ఒక్కసారి కూడా అనలేదు. అల్లుడు చేశాడని మాత్రం అందరికీ చెప్పారు.

కర్నూలుకు వచ్చాక మా ఆవిడ అన్న మాట ప్రకారం చేసింది. ఒక కాలికి ఖాకీ మేజోడు, రెండో కాలికి మడమ దాకా ఖాకీ, కింద నలుపు. ఆ జతను తీసుకుపోయి అధికారి భార్య ముందు పెట్టి, అందరూ వింటుండగా, "ఇది నేను చేసింది కాదమ్మా. ముందువి కూడా నేను చేయలేదు. అన్నీ మా ఆయనే" అని చెప్పి కూర్చుందట. అధికారి భార్య చప్పట్లు కొట్టి, అయితే ఆయన్నే రమ్మను అందట.

అట్లా నేను పదకొండు మంది ఆడవాళ్లకు మడమ తిప్పడం నేర్పించాను. వాళ్లలో కొందరు ఘోషా పాటించేవాళ్లు గనక హాలు మధ్యలో తెర కట్టారు. తెరకు ఇవతల నేను. సూదులు ఎవరు ఎట్లా పట్టుకున్నారో కనిపించదు. "ఎడమ సూది మీద ఎన్ని కుట్లున్నాయి?" అని నేను తెరను అడిగితే, తెర వెనకనుంచి పదకొండు రకాల లెక్కలు వచ్చేవి. మూడు వారాల తరవాత తెర కిందనుంచి పదకొండు మేజోళ్లు ఇవతలికి వచ్చాయి. వాటిలో ఒకదానికి మడమ ఉంది, కాకపోతే ముందు వైపుకు ఉంది. అధికారి భార్య అన్నింటినీ మెచ్చుకుని సిపాయిలకు పంపించింది. మా ఖాకీ-నలుపు జత కూడా వాటితోనే పోయింది.

బళ్లో పిల్లలు నన్ను మేజోళ్ల అయ్యవారన్నారు. ఒక వారం అన్నారు. తరవాత డ్రిల్లు మాస్టరు సైకిలు మీదినుంచి పడ్డాడు. వాళ్లు ఆయన వైపు తిరిగారు.

మరుసటి సంవత్సరం నన్ను కడపకు బదిలీ చేశారు. కొత్త ఊరు, ఇక దాచేది లేదని తీర్మానించుకున్నాను. మొదటి ఆదివారమే వీధి అరుగు మీద కుర్చీ వేసుకుని, సూదులు తీసి, అడిగినవాళ్లకు ఏం చెప్పాలో మనసులో సిద్ధం చేసుకుని కూర్చున్నాను. చాలాసేపటికి దారినపోయే మనిషి ఒకాయన ఆగాడు.

"ఏం చేస్తాండావప్పా?"

"మేజోడు అల్లుతున్నా" అన్నాను, కాస్త గట్టిగానే.

"ఓహో" అన్నాడాయన. "అవును గానీ, ప్రొద్దుటూరు బస్సు యాడ ఆగుతాది?"

చేత్తో చూపించాను. ఆయన వెళ్లిపోయాడు.