ఆదివారం కాని రోజు

జైలు పాదిరిని ఖైదీలు పెద్దయ్య అంటారు. ఆదివారం ఆయన రాగానే, "మీ దేవుడికి మా బ్యారక్ దారి తెలుసా పెద్దయ్యా?" అని ఆటపట్టిస్తారు. ఆయన నవ్వి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఊచల్లోంచి చాపిన ప్రతి చేతినీ కాసేపు పట్టుకుంటాడు. ఏం చేసి వచ్చావని ఎవరినీ అడగడు. మామూలు రోజున కనిపిస్తే మాత్రం అందరి గుండెల్లో రాయి పడుతుంది. ఖైదీల ఇళ్ల నుంచి వచ్చే చావు కబురు చెప్పే పని ఆయనదే.

ఆ బుధవారం వంతు వంటశాల ఖైదీది. తల్లి పోయిందన్న కబురు జైలుకి సోమవారమే వచ్చింది. మంగళవారం సాయంత్రం అంత్యక్రియలూ అయిపోయాయి. "తనిఖీకి పెద్దవాళ్లొచ్చారు కదండీ, వాణ్ణి కడచూపుకి పంపితే వంటెవరు చేసేవాళ్లు? మీరే మెల్లగా నచ్చజెప్పండి," అన్నాడు జైలరు. పెద్దయ్య మెడనరాలు ఉబ్బాయి. "చావు కబురు మోస్తాను గానీ మీ పాపం మొయ్యను. రండి, మీ నోటితోనే చెప్పండి," అని వంటశాల దాకా వెంటబెట్టుకెళ్లాడు. జైలరు గొణిగిందంతా ఖైదీ గరిటె పట్టుకునే విన్నాడు.

"నిన్న మధ్యాహ్నం పిలిచి మరీ కూర బాగుందన్నారు కదా సార్. అప్పటికి మా అమ్మ ఇంకా ఇంట్లోనే ఉందా?"