పోస్టు డబ్బా మీద సోమవారం బిళ్ల

దయ్యాలు తిరుగుతాయని నేను ఏనాడూ నమ్మలేదు. పోయినవారు దేవుడు పిలిచేదాకా నిద్రలో ఉంటారని మా క్రైస్తవ సంఘంలో చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాను. ఆదివారం బడిలో పిల్లలకు అదే నేర్పించాను. పాడుబావి కాడ ఎవరో కనబడ్డారని ఎవరైనా చెబితే, 'ఏం తాగి పోయినవ్?' అని ముఖం మీదే అడిగే మనిషిని. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా ఎవరినో భయపెట్టడానికి కాదు. కోపం ఆగక రాస్తున్నాను.

మాది చెన్నూరు దాటాక గోదావరి వైపు ఉన్న ఒక చిన్న ఊరు. పాత పోస్టాఫీసుకు ఎదురుగా నాకు బట్టలు కుట్టే దుకాణం ఉంది. మిషను ముందు కూర్చుని తల ఎత్తితే కనబడేది ఆ గోడే. నిజాం కాలంలో కట్టింది. రాయి, గానుగలో తిప్పిన డంగుసున్నం, మా అడవుల టేకుతో చేసిన దర్వాజలు, గుమ్మం పైన ఉర్దూలో చెక్కిన అక్షరాలు. ఎండాకాలం బస్సు కోసం చూసేవాళ్లు కూడా లోపలికి పోయి చల్లగా నిలబడేవాళ్లు. వీధి వైపు గోడలో ఒక ఇనుప పోస్టు డబ్బా బిగించి ఉండేది. ముందు డబ్బా పెట్టి, తర్వాత దాని చుట్టూ రాయి పేర్చారని పెద్దవాళ్లు చెప్పేవారు.

ఆ డబ్బా తలుపుకు అరచేయంత కిటికీ. అందులో ఒక రేకు బిళ్ల, బిళ్ల మీద వారం పేరు. మళ్లీ డబ్బా తెరిచేది ఎప్పుడో ఆ బిళ్ల చెబుతుంది. పోస్ట్‌మ్యాన్ మధ్యాహ్నం తాళం తీసి, ఉత్తరాలు సంచిలో వేసుకొని, లోపలి వైపు నుంచి బిళ్ల మార్చి తలుపు మూస్తాడు. సోమవారం తీస్తే 'మంగళ' పెడతాడు. శనివారం తీస్తే 'సోమ' పెడతాడు, ఆదివారం సెలవు కాబట్టి. బయటి నుంచి దాన్ని మార్చడం కుదరదు.

అప్పట్లో మా ఊరి మగవాళ్లు చాలామంది బొంబాయిలోనో, భివండీలోనో, దుబాయిలోనో ఉండేవారు. ఆడవాళ్లు ఉత్తరం డబ్బాలో వేసి ఊరికే ఇంటికి పోయేవాళ్లు కాదు. ఎదురుగా అరుగు మీద కూర్చొని బిళ్ల మారేదాకా చూసేవాళ్లు. బిళ్ల మారితే ఉత్తరం ఊరు దాటినట్టు లెక్క. మా బాపు, అంటే నాన్న, బొంబాయికి కట్టడం పనికి పోయినప్పుడు, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని అట్లాగే చూసేది.

బిళ్ల మార్చే మనిషి పేరు రాజలింగు. పద్మశాలీల ఇంటివాడు, మా ఊరి పోస్ట్‌మ్యాన్. అవ్వ తొందరపెడితే నవ్వేవాడు.

"ఆగవే చెల్లె, నీ ఉత్తరం నడిసి పోతదా ఏంది? రైలెక్కాలె గద!"

రాజలింగు పోయి చాలా ఏళ్లయింది. తర్వాత వచ్చినవాళ్లు బిళ్ల మార్చడం మరిచిపోయేవారు. ఒక్కోసారి వారమంతా ఒకే బిళ్ల ఉండేది.

మూడేళ్ల కిందట పోస్టాఫీసును బస్టాండు దగ్గర, ఒక సిమెంటు దుకాణం పై గదిలోకి మార్చారు. పింఛన్ల కోసం వచ్చే ముసలివాళ్లు ఆ మెట్లు ఎట్లా ఎక్కాలో ఎవరూ ఆలోచించలేదు. పాత భవనం తలుపు మీద ఒక కాగితం అతికించారు, డబ్బా నోటికి రేకు పెట్టి వెల్డింగ్ చేశారు. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదన్నారు. అప్పుడు బిళ్ల 'శుక్ర' మీద ఉంది.

ఆ వానాకాలంలో ఒక సోమవారం సాయంత్రం తల ఎత్తి చూస్తే బిళ్ల 'మంగళ' అని ఉంది.

మొదట నా కళ్లే తప్పనుకున్నాను. మరునాడు 'బుధ' అయింది. ఆ తర్వాత 'గురు'. ఎవడో ఆకతాయి తాళంచెవి సంపాదించాడని అనుకున్నాను. శనివారం మధ్యాహ్నం అది 'సోమ' అయింది. ఆదివారం ఆరాధన నుంచి వస్తూ ఆగి చూశాను, 'సోమ' అనే ఉంది. ఆకతాయికి ఆదివారం సంగతి ఎవరు చెప్పారు?

మా దుకాణంలో బట్ట మీద గీసే సుద్ద ఉంటుంది. దాంతో డబ్బా తలుపు సందు మీద, తాళం మీద అడ్డంగా గీతలు గీశాను. తలుపు వెంట్రుకవాసి కదిలినా గీత చెదరాలి. మరునాడు బిళ్ల మారింది. గీతలు గీసినవి గీసినట్టే ఉన్నాయి. కళ్లప్పగించి కూర్చున్న రోజులూ ఉన్నాయి. సూదిలో దారం ఎక్కించడానికి తల వంచుతాను, ఎత్తేసరికి పని అయిపోయి ఉండేది. చప్పుడు లేదు, మనిషి లేడు. పట్టపగలు, ఎదురుగా ఆటోలు తిరుగుతుండగా.

ఒకసారి వారం మధ్యలో ఒక రోజు దాటేసింది. ఇదుగో దొరికిపోయింది, తప్పు చేసింది అనుకున్నాను. మరునాడు బ్యాంకుకు పోతే తాళం. నెలవంక కనబడటాన్ని బట్టి బక్రీదు సెలవు ఒక రోజు జరిగిందట. నాకు తెలియదు. బ్యాంకు ముందు నిలబడ్డ పదిమందికీ తెలియదు. ఆ డబ్బాకు తెలిసింది.

అప్పుడు మాత్రం నేను భయపడ్డాను. దాచను.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కానీ వీధి అన్నాక కళ్లుంటాయి. చాయ్ దుకాణం వాళ్లు చూశారు, ఊరంతా పాకింది. యూట్యూబ్ చానెల్ అని ఒక పిల్లగాడు మైకు పట్టుకొని దిగాడు.

"అక్కా, రాత్రిపూట ఏమన్న ఏడుపులు వినవడతయా?"

"రాత్రి నేను పండుకుంట కొడుకా. అది పగటీలి పని చేస్తది. నువ్వు పగటీలి రా."

వాడు పగలు రాలేదు. రాత్రి వచ్చి, ఎర్ర లైటు పెట్టి, నక్కల అరుపులు కలిపి 'దయ్యాల పోస్టాఫీసు' అని వదిలాడు. ఆ పేరే కాంట్రాక్టరుకు కావలసింది. ఆ స్థలంలో అతనితో దుకాణాల కాంప్లెక్సు కట్టిస్తారని అప్పటికే మాట నడుస్తోంది. భవనాన్ని ఉంచి గ్రంథాలయం చేయండని మేం కొంతమందిమి అధికారులను అడుగుతూ ఉన్నాం. ఇప్పుడు కాంట్రాక్టరు వీధిలో నిలబడి జాలి చూపించడం మొదలుపెట్టాడు.

"గా దయ్యాల కొంప ఎందుకక్కా మీకు? పిల్లలు తిరిగే జాగ. కూలగొడితే ఫికరే ఉండదు."

నిన్నటిదాకా అది అతని దృష్టిలో పాత కొంప. ఇవాళ దయ్యాల కొంప. రాయి అదే, సున్నం అదే.

మా సంఘం నుంచీ నాకు సాయం రాలేదు. పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచి, అది మోసపరిచే ఆత్మ అని, ఉపవాస ప్రార్థన కూటంలో దాన్ని వెళ్లగొడదామని అన్నారు.

"అయ్యగారూ, దయ్యం ఆదివారం సెలవు తీసుకుంటదా?" అని అడిగాను. "నాశనం చేసేది దయ్యమని మీరే చెప్పిండ్రు. ఇది రోజూ ఏళకు పని చేస్తున్నది. నాశనం చేస్తమంటున్నది కాంట్రాక్టరు. ఎవలిని వెళ్లగొడదాం చెప్పున్రి."

ఆయన నొచ్చుకున్నారు. ఆ తర్వాత కొన్నాళ్లు కూటంలో నన్ను ప్రార్థన చేయమని పిలవలేదు. వాక్యం తెలిసినవారే పరీక్షించకుండా తీర్పు చెబితే, తెలియనివారిని ఏమనగలం?

చివరికి భవనం ఉంచాలా, కూల్చాలా తేల్చడానికి ఒక ఇంజనీరు సారు వచ్చాడు. అది బుధవారం, పొద్దుటి పూట. బిళ్ల మీద 'బుధ' అనే ఉంది. డబ్బా తెరిపించండి, ఏ మాయా లేదని అందరూ చూస్తారు, దయ్యం మాట పోతుంది అని నేనే పట్టుబట్టాను. కాంట్రాక్టరు మనిషి సుత్తితో తాళం పగలగొట్టాడు.

లోపల ఉత్తరం ఒక్కటీ లేదు. మిగతా బిళ్లలు తీగకు గుచ్చి, తుప్పు పట్టి, ఒకటికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. కిటికీ వెనక, బిళ్లను కప్పేస్తూ కందిరీగలు మట్టిగూడు కట్టి ఉన్నాయి. ఎండి రాయిలా గట్టిపడింది. ఇంజనీరు సారు పట్టుకారుతో బిళ్లను గుంజాడు. కదల్లేదు.

"ఇది ఏండ్ల సంది కదలలే అమ్మా," అన్నాడు. తలుపు మూసి తీగ చుట్టారు. ఆయన భవనం లోపలికి పోయాడు. నేను నా మిషను దగ్గరికి వచ్చాను.

మధ్యాహ్నం ఆయన బయటికి వచ్చి జీపు ఎక్కుతుండగా నేను తల ఎత్తాను. బిళ్ల 'గురు' అని ఉంది.

పరుగెత్తిపోయి ఆయన్ని ఆపాను. ఆయనే తన చేత్తో తీగ విప్పాడు. గూడు అట్లాగే ఉంది, మట్టి పెళ్ల రాలలేదు. పట్టుకారు గీసిన గీత కూడా మట్టి మీద ఉంది. తీగకు గుచ్చిన బిళ్లల ముద్ద అట్లాగే ఉంది. ఆయన గూడును వేలితో నొక్కి చూశాడు. జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"గిది రిపోర్టుల ఎట్ల రాయాలె అమ్మా? నన్ను పిచ్చోడంటరు."

"దాన్ని రాయమని నేను అన్నానా సారూ? గోడలు గట్టిగున్నయని రాయున్రి. దూలానికి చెద లేదని రాయున్రి. అది అందరికీ కనవడుతున్నదే గద."

ఆయన జీపెక్కి పోయాడు. భవనం శిథిలమైందని, మనుషులకు ప్రమాదమని రాసి పంపాడు. నా కోపమంతా ఇక్కడే. కనబడని దాన్ని రాయలేకపోయినందుకు నేను ఆయన్ని ఏమీ అనను. కళ్ల ముందున్న గోడను కూడా ఉన్నది ఉన్నట్టు రాయలేదు. వాన చుక్క కారని ఇంటిని శిథిలం అన్నాడు. అబద్ధ సాక్ష్యం అంటే ఇంతకన్నా ఏముంటుంది?

కూల్చడానికి వాళ్లు ఎంచుకున్నది ఆదివారం. ఆ రోజు ఆఫీసులు ఉండవు, ఎవరికీ చెప్పుకోలేం. నేను ఆరాధనలో ఉంటానని వాళ్లకు తెలుసు. చివరి పాట దగ్గర ఉండగా నేల అదిరింది. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాను.

టేకు దర్వాజలు అప్పటికే ట్రాలీ ఎక్కాయి. ఉర్దూ అక్షరాల రాయి రెండు ముక్కలై ఉంది. జేసీబీ డ్రైవరు నన్ను చూసి తల దించుకున్నాడు. "డంగుసున్నం గోడలక్కా, పండ్లు ఇరిగినయి," అన్నాడు, బకెట్‌కు ఉన్న ఇనుప పళ్లు చూపించి. శిథిలమైన గోడలు అవి!

డబ్బా దుమ్ములో బోర్లా పడి ఉంది. నేను దాని మీద కూర్చున్నాను. తుక్కుకు వేయాలె, లెమ్మన్నారు. లేవనన్నాను. చివరికి ఆ డ్రైవరే, కాంట్రాక్టరు ఏమన్నా వినకుండా, దాన్ని ఎత్తి నా దుకాణం ముందు దింపాడు. బిళ్ల మీద 'సోమ' అని ఉంది.

ఇప్పుడు అది నా గుమ్మం పక్కనే ఉంది. పడ్డప్పుడు మట్టిగూడు రాలిపోయింది, బిళ్ల వదులైంది. తలుపుకు తాళం లేదు. ఎవరైనా మార్చవచ్చు, వేలు పెడితే చాలు. నేను ముట్టుకోలేదు. ఆ రోజు నుంచి అది 'సోమ' మీదే ఉంది.

దయ్యం వదిలిందని కాంట్రాక్టరు అంటున్నాడు. ప్రార్థన ఫలించిందని పాస్టరుగారు అంటున్నారు. నాకు తెలిసింది నేను చెబుతాను. అది రాజలింగు అని నేను అనలేను. ఆయన నిద్రలో ఉన్నాడు, నా విశ్వాసం అదే, దాన్ని ఒక రేకు బిళ్ల కోసం మార్చుకోను. దురాత్మ అని కూడా అనలేను. సుద్దగీత చెదరకుండా, గూడు పగలకుండా ఆ బిళ్ల ఎట్లా మారిందో నాకు ఈనాటికీ తెలియదు. మోకాళ్ల మీద అడిగాను. జవాబు రాలేదు.

పోస్టాఫీసు బస్టాండుకు మారిందని మాకు కాగితం అతికించారు. ఆ పని చేసిపోయేది ఎవరో, వారికి మాత్రం ఎవరూ చెప్పలేదు. శనివారం పని ముగించి, సోమవారం వస్తామని బిళ్ల పెట్టి పోయారు. వచ్చి చూస్తే గోడ లేదు.

అందుకే సోమవారం మధ్యాహ్నాలు మిషను ఆపుతాను. మా అవ్వ కూర్చున్నట్టే అరుగు మీద కూర్చొని ఆ బిళ్ల వైపు చూస్తాను. నిన్న కూడా చూశాను.