పేర్లు పడినాయా?

ముందే చెప్పేస్తున్నాను, నాది పెంచి చెప్పే నోరు. పిల్లిని చూస్తే పులి అంటాను. పులిని చూస్తే ఏమంటానో, ఇంతవరకు చూడలేదు కాబట్టి చెప్పలేను. ఇందులో ఎంత తరుగు తీసుకుంటారో మీ ఇష్టం.

మా అక్క మొగుడు, అంటే మా బావ, ఆళ్లగడ్డలో ఎరువుల అంగడి నడిపేవాడు. సినిమా అంటే ఆయనకు మొదట్లో పడే పేర్లే. అవి పడుతున్నంతసేపు రెప్ప వేసేవాడు కాదు. అవి అయిపోగానే నిద్రపోయేవాడు. ఆ గురకకు నంద్యాల స్టేషన్లో జనం బండి వచ్చిందనుకుని మూటలు ఎత్తుకునేవాళ్లు.

"అక్షరాలు వణికితే దయ్యం. ఎర్రగా కారితే పగ. పేర్ల వెనక రైలు పోతాంటే ఎవరో ఒకరు తిరిగి రారు," అనేవాడు. "కథ చెప్పేటోడు వాకిట్లో నిలబడి పిలిచే పిలుపు అది, బామ్మర్దీ. అది వినకుండా లోపలికి పోతే పిలవని పేరంటమే."

అందుకే ఆలస్యమైతే గేటు దగ్గరే ఆగి "పేర్లు పడినాయా?" అని అడిగేవాడు. పడ్డాయంటే, చేతిలో టికెట్టున్నా వెనక్కే.

పోయిన ఏడాది ఆయన కిడ్నీలు చెడిపోయాయి. రక్తం కడిగే మిషను కోసం నంద్యాల ఆసుపత్రికి తిరగడం మొదలైంది. తోడు నేనే. మిషను వదిలేసరికి మ్యాట్నీ మొదలయ్యేది. అయినా నా భుజం పట్టుకుని హాలు దాకా నడిచేవాడు.

"పేర్లు పడినాయాప్పా?"

"పడినాయన్నా. ఇప్పుడే అయిపాయ, పో లోపలికి," అనేవాడు గేటు దగ్గరి మనిషి.

"కాళ్లు కడగకుండా ఇంట్లోకి పోతామా? పా బామ్మర్దీ, బస్సుకు పోదాం."

మనిషి రోజురోజుకీ తేలికైపోతున్నాడు. ఒక్కసారైనా మొదటి పేరు నుంచి చూపించాలని, మిషను లేని రోజు చూసి పెందలాడే బయల్దేరదీశాను. శిరివెళ్ల దగ్గర ట్రాక్టర్లు అడ్డం పడ్డాయి. ఆ వరుస శ్రీశైలం దాకా ఉంది. బావ కిటికీలోంచి తేరిపార చూశాడు.

"అందరూ నా అంగట్లో ఎరువు కొన్నోళ్లే. పైరు రాలేదని ఇట్ల పగ తీర్చుకుంటాండారు."

హాలు చేరేసరికి గేటు మనిషే ఎదురొచ్చాడు. "ఇంకా పడలేదన్నా, బిరీన రా."

చీకట్లో కూర్చున్నాం. తెర మీద బావి గిలక తిరుగుతోంది. కడవ పైకి వచ్చిన ప్రతిసారీ ఒక పేరు. పాట లేదు, గిలక కిర్రుమనే చప్పుడే. ఆఖరిసారి తాడు ఒక్కటే పైకి వచ్చింది, కడవ లేదు. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"కడవ పోయిందని ఆ ఇంటి ఆడమనిషి కూలబడదు, చూస్తాండు. నీళ్లు యాడనుంచైనా తెచ్చుకుంటుంది. ఏడ్చేది కొన్నాళ్లే."

ఆ నెల దాటకుండానే బావ పోయాడు.

ఇక తరుగు సంగతి. ట్రాక్టర్లు శ్రీశైలం దాకా లేవు, ఊరు దాటేదాకే. గురకకు ఎవరూ మూటలెత్తలేదు. వాటిని మీరే తీసేసి ఉంటారు. నిజంగా అల్లింది వేరే ఉంది. ఆ రోజు గేటు మనిషి "పడినాయన్నా" అన్నాడు. బావ తలుపు సందులోంచి వచ్చే చప్పుడు కాసేపు విని, వెనక్కి తిరిగాడు. తిరుగు బస్సులో నా భుజం మీద నిద్రపోయాడు, గురక కూడా లేకుండా.

ఆ గిలక, ఆ తాడు ఆయన దినాలయ్యాక నేను ఒక్కణ్నే పోయి చూసినవి. పేర్లు అయిపోగానే లేచి వచ్చేశాను. ఆడమనిషి కూలబడదన్న మాట బావ అనలేదు, నేను అన్నాను. అక్కతో మాత్రం అది బావ మాటేనని చెప్పాను. ఆమె దాన్నే పట్టుకుని అంగడి తెరిచి కూర్చుంటోంది.

ఎవరైనా ఇది ఆమెకు చదివి వినిపిస్తే, మేమిద్దరం చీకట్లో కూర్చున్న దగ్గరే ఆపండి.