యాకూబ్ భాయ్ బేస్‌బాల్ జట్టు

ఎండాకాలం సాయంత్రం మా వాకిట్లో నీళ్ళు చల్లుతారు. కాగిన మట్టి మీద నీళ్ళు పడి ఆ వాసన లేచిందంటే నా చేతిలో పని ఆగిపోతుంది. అప్పుడు నేను జగిత్యాలలో ఉండను. సౌదీలో, హుఫూఫ్ ఊరి బయట మా కంపెనీ క్యాంపులో ఉంటాను. శుక్రవారం సెలవు, ట్యాంకరుతో మైదానం తడిపిస్తూ యాకూబ్ భాయ్ కేకలేస్తుంటాడు.

యాకూబ్ భాయ్‌ది కడప. క్యాంపులో బండ్లకూ డ్రైవర్లకూ ఆయనే ఫోర్‌మన్. కువైట్ యుద్ధమప్పుడు అమెరికా సైనికులకు నీళ్ళ బండి తోలుతూ, వాళ్ళు తీరిక దొరికినప్పుడల్లా ఆడే బేస్‌బాల్ చూసి నేర్చుకున్నాడట. యుద్ధం ముగిసింది, వాళ్ళు వెళ్ళిపోయారు, ఆట మాత్రం ఈయన్ను వదల్లేదు. క్యాంపులో ఫిలిప్పీన్స్ వాళ్ళకు ఒక జట్టుండేది. వాళ్ళ మీదికి దించడానికి, క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరుగని మమ్మల్ని పట్టుకున్నాడు. అబ్బో, ఆ తిప్పలు పగవాడికి కూడా వద్దు! క్రికెట్‌లో బంతిని కొట్టాక ఇష్టముంటే ఉరకొచ్చు, లేకుంటే నిలబడొచ్చు. ఇక్కడ బంతి మైదానంలో పడిందంటే బ్యాటు పారేసి మొదటి బేస్‌కు ఉరకాల్సిందే. మాకేమో బ్యాటు పారేయడమే చేతకాదు.

"పారేయ్‌రా దాన్ని! నీ పెండ్లామా ఏమన్నా, యాడికి పోయినా ఎంట పెట్టుకోని పోతావు?" అని అరిచేవాడు.

అందరికన్నా మొండివాడు రాజలింగు. మా పక్క ఊరివాడే, డంపర్ డ్రైవర్. ఆ ఏడు చివరి ఆటలో, ఆఖరి ఇన్నింగ్స్‌లో మేం ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. ఇంకొకడు అవుటైతే ఆట అయిపోతుంది. రాజలింగు గట్టిగానే కొట్టాడు, పానం పెట్టి ఉరికాడు. కానీ బ్యాటు చేతిలోనే ఉంది. క్రికెట్‌లో గీతకు తాకించినట్టు, దాన్ని ముందుకు చాచి బేస్‌కు తాకించాడు. అక్కడ తాకాల్సింది మనిషి, బ్యాటు కాదు. వాడి కాలు జానెడు దూరంలో ఉండగానే బంతి వచ్చేసింది. అవుట్.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ బుద్ధి గడ్డి తిన్నదారా?" అని మీదికి పోయాను. యాకూబ్ భాయ్ అడ్డమొచ్చాడు.

"ఆఖర్లో వాణ్ణి పంపినోణ్ణి నేను. తిట్టాలంటే నన్ను తిట్టండప్పా."

ఆట కాబట్టి ఆ మాట ఎవరైనా అంటారులే అనుకున్నాను.

ఆ చలికాలం ఒక డ్రైవరు జ్వరంతో పడుకుంటే, పగలంతా పనిచేసిన రాజలింగు రెండో డ్యూటీ కూడా ఎక్కాడు. దిగే వేళకు, పైకి లేపిన తొట్టి దించకుండానే డంపర్‌ను కదిలించాడు. తొట్టి కరెంటు తీగలను తెంపేసింది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. సైటు పని మాత్రం మొత్తం ఆగిపోయింది. మర్నాడు కబురొచ్చింది: రాజలింగుకు ఎగ్జిట్. అంటే ఇంటికి పంపేస్తారు. వాడు వచ్చి ఏడాదైనా కాలేదు. మంచం మీద కూర్చుని సామాను సర్దుకుంటుంటే చూడలేకపోయాను.

యాకూబ్ భాయ్ నన్ను వెంటబెట్టుకుని మేనేజర్ దగ్గరికి వెళ్ళాడు. హిందీలో ఒక్క ముక్కలో తేల్చేశాడు. "అలిసిపోయిన మనిషిని బండి ఎక్కించింది నేను. ఎగ్జిట్ కొట్టాలంటే నాకు కొట్టండి."

కొట్టారు.

బయటికి రాగానే నేను ఆగలేకపోయాను. "నీకేమన్న పిచ్చా భాయ్? పిల్లల చదువులున్నయి. గీ వయసుల నీకు పని ఎవడిస్తడు?"

"వాడు వద్దన్నాడప్పా. చేతగాదు భాయ్ అన్నాడు. నేనే పోరా అన్నా."

ఎయిర్‌పోర్టు బస్సు దగ్గర రాజలింగు ఆయన చేతులు పట్టుకుని భోరుమన్నాడు. "నిద్దరొస్తే బండి దిగెయ్. ఎవడు చెప్పినా ఇనొద్దు" అన్నాడు యాకూబ్ భాయ్. బస్సు కదిలింది. ఆ మనిషిని మళ్ళీ చూడలేదు. ఆయన మీద నా కోపం చాలా ఏళ్ళు తగ్గలేదు. ప్రేమ కూడా తగ్గలేదు.

తర్వాత అదే క్యాంపులో నేనూ ఫోర్‌మన్ అయ్యాను. ఒకసారి నేను చెప్పిన చోటే గోడ తవ్వి నీళ్ళ పైపు పగలగొట్టిన బీహార్ కుర్రాడి మీదికి నష్టమంతా వచ్చిపడింది. మేనేజర్ గది దాకా వెళ్ళాను. తలుపు దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి తిరిగాను. యాకూబ్ భాయ్‌కి భయమంటే తెలియదని అప్పటిదాకా అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధమని ఆ తలుపు ముందు అర్థమైంది. ఆయనా ఇట్లాగే భయపడి ఉంటాడు. పక్కనే నిలబడి కూడా నేను చూడలేదు.

తలుపు తట్టాను.